తూముకు రెండు తాళాలు

“ప్రతిష్టంభన అంటే ఏంది టీచర్?”

రెబెక్కమ్మ తల ఎత్తలేదు. రొయ్యల గుంట ఒడ్డున గొంతుక్కూర్చుని, నీళ్లలోంచి తీసిన మేత పళ్లెం చూసుకుంటోంది. వేసిన మేత వేసినట్టే ఉంది. తెల్లవారేసరికి రొయ్యలు పైకి తేలుతున్నాయి. నీళ్లు మార్చకపోతే ఈ పంట దక్కదు. ఆ దిగులుతో ఆమెకు కంటిమీద కునుకు లేదు.

సుశీల్ కుమార్ పేపరు పట్టుకుని గట్టు మీదే నిలబడ్డాడు. హైస్కూల్లో ఆమె దగ్గర తెలుగు చదువుకున్నవాడే. రిటైరై రొయ్యలు పెంచుతున్నా సరే, ఎవరైనా మాటకు అర్థం అడిగితే రెబెక్కమ్మ చెప్పకుండా ఉండలేదు. అదొక జబ్బు.

“ఏ వాక్యంలో ఉంది?” అంది, పళ్లెంతో మాట్లాడుతున్నట్టు.

“‘వేతన చర్చల్లో వీడని ప్రతిష్టంభన’ అని వేసినారు.”

“స్తంభించడమంటే కదలకుండా నిలిచిపోవడం. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, నువ్వు తగ్గంటే నువ్వు తగ్గని కదలకపోతే అది ప్రతిష్టంభన.”

“వంతెన మీద రెండు లారీలు ఎదురుపడి ఆగిపోయినా అనొచ్చా?”

“డ్రైవర్లు దిగి పంతానికి పోతే అనొచ్చు.”

“ఒకరే మొండికేస్తే?”

“దానికింత పెద్ద మాటెందుకు? మొండితనం చాలు.”

సుశీల్ కుమార్ నవ్వు ఆపుకున్నాడు. “ఇంకో ఉదాహరణ చెప్పండి టీచర్.”

ఆమె కాలవ మీది తూము వైపు చెయ్యి చూపించింది. పక్కపక్కనున్న రెండు గుంటలకీ నీళ్లు అందులోంచే రావాలి. దాని తలుపుకు రెండు తాళాలు వేలాడుతున్నాయి.

“నా మురికినీళ్లు తన గుంటలోకి వచ్చినాయని అవతల గుంటాయన గొడవ పెట్టుకున్నాడు. నాకు రోషమొచ్చి తూముకి తాళమేసినా. ఆయన దాని పక్కనే ఇంకోటి వేసినాడు. అమావాస్యకి సముద్రం పోటెక్కి కాలవ నిండినా ఇద్దరం నీళ్లు పెట్టుకోలా. ఇయ్యాల పున్నమి పోటు. ఇదీ పోయిందంటే రెండు గుంటలూ పోతాయి.”

“ఆయన రొయ్యలు కూడా తేలతా ఉండాయంట.”

“తేలవా మరి? వాటికి మన రోషాలు తెలుసా?” రెబెక్కమ్మ గొంతు మెత్తబడింది. “పాపం, ఆయనా పిల్లలు గలవాడే.”

“తప్పెవరిదో ఆ మాటలో ఉంటదా టీచర్?”

“ఉండదు. అదే దాంట్లో సుఖం.”

“వీడిపోయినప్పుడు ఏమని రాస్తారు?”

“‘ప్రతిష్టంభన వీడింది’ అని.”

“ఎవరు ముందు తగ్గినారో రాయరా?”

రెబెక్కమ్మ అప్పుడు తల ఎత్తి అతని మొహంలోకి చూసింది. అతని కళ్లూ నిద్రలేక ఎర్రగా ఉన్నాయి.

“రాయరు నాయనా. దాంతో ఎవరికేం పని?”

“అట్టయితే మంచి మాటే.”

కాలవలో నీళ్లు పెరిగి తూము తలుపును తడుతున్నాయి. పోటు ఉండేది ఇంకాసేపే. రెబెక్కమ్మ పళ్లెం పక్కన పెట్టి లేచింది. కొంగుకు ముడేసిన తాళంచెవి విప్పుకుని గట్టు వెంట నడిచింది. సుశీల్ కుమార్ పేపరు మడిచి చంకలో పెట్టుకుని వెనకే వెళ్లాడు. ఆమె తన తాళం తీసి, ఒక పక్కకు జరిగి నిలబడింది.

సుశీల్ కుమార్ జేబులోంచి తన తాళంచెవి తీశాడు.