వారం రోజుల సగటు

"బీపీ సగటు నూట ముప్పై అయిదు దాటిందా, కొట్టు తాళాలు మా తమ్ముడి చేతికి. మీరు ఇంట్లో విశ్రాంతి," అని భార్య తేల్చి చెప్పింది.

పెయింట్ల షావుకారు గుండెల్లో రాయి పడింది. ఇరవై ఆరేళ్లుగా ఆ కుర్చీ అతనిది. బామ్మర్దికేమో ఇప్పటికీ ప్రైమరుకీ ఎనామిల్‌కీ తేడా తెలీదు. పదింటిదాకా లేవడు. ఇల్లు కూలినా కంగారుపడడు.

ఆ పొద్దునే ఆసుపత్రిలో బీపీ నూట అరవై రెండు వచ్చింది. డాక్టరు మాత్రం తొందరపడలేదు.

"ఇక్కడ భయానికి పెరగొచ్చు. ఇంట్లో వారం రోజులు చూసుకోండి. పొద్దున రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు. అరగంట ముందునుంచీ కాఫీ, టీ వద్దు. అయిదు నిమిషాలు ఊరికే కూర్చుని అప్పుడు చూడాలి. మొదటి రోజువి వదిలేసి మిగతావాటి సగటు తీద్దాం. రాయక్కర్లేదు, అంకెలన్నీ మిషన్‌లోనే ఉంటాయి. అదే పట్టుకురండి."

అంకెలు దిద్దే దారి కూడా మూసుకుపోయింది.

షావుకారు కన్నా బామ్మర్దే ఎక్కువ బెదిరాడు. "బావా, నీకు దణ్ణం పెడతా. నన్నా కుర్చీలో కూర్చోబెట్టకు. ఏం సాయం కావాలన్నా చేస్తా."

మర్నాడు ఏడింటికే ఇద్దరూ మేడమీద గదిలోకి వెళ్లి గడియ పెట్టుకున్నారు.

"గడియెందుకండీ?" బయటినుంచి భార్య.

"నీ మొహం చూస్తే ఇంకో పది పెరుగుతుంది!"

మిషన్ గుయ్‌మంది. నూట అరవై ఎనిమిది బై నూట నాలుగు.

"ఎంత బావా?"

"మాట్లాడకు. ఆ కాళ్లు ఊపకు."

నిమిషం ఆగి మళ్లీ చూశారు. నూట డెబ్భై.

"మిషన్ తేడాగా ఉంది బావా."

"పోనీలే, మొదటి రోజు లెక్కలో లేదుగా. శాంపిల్ అనుకో."

రెండోరోజు వీపు ఆనే కుర్చీ వేశారు. మూడోరోజు చెయ్యి గుండె ఎత్తున ఉండేలా దిండు పెట్టారు. అంకె దిగలేదు. నాలుగోరోజు ఇంటిల్లిపాదికీ ఉప్పు తగ్గించమన్నాడు షావుకారు.

"మీకు తగ్గించాలి గానీ, మా తమ్ముడేం పాపం చేశాడండీ?"

"అందరం ఒకటే తిండి. మాట్లాడకు."

అయిదోరోజు మిషన్‌ని ఆసుపత్రికి తీసుకెళ్లి, అక్కడి దాంతో పోల్చి చూపించమన్నాడు. రెండూ ఒకే అంకె చూపించాయి. సరుకులో లోపం లేదు.

అప్పటినుంచి అతనికి ఒకచోట కాలు నిలవలేదు. తెల్లరంగు అడిగినవాడికి ఆకుపచ్చ కలిపి ఇచ్చాడు. బామ్మర్దిని బరువైన డబ్బాలు ముట్టుకోనివ్వలేదు, నిచ్చెన ఎక్కనివ్వలేదు.

"కొట్టు వాడికి పోతుందని కుళ్లు. పని నేర్చుకోనివ్వట్లేదు," అనుకుంది భార్య.

ఎనిమిదోరోజు ముగ్గురూ డాక్టరు ముందు కూర్చున్నారు. ఆయన మిషన్ మీట నొక్కుతూ ఒక్కో అంకే చూశాడు. కాగితం మీద సగటు కట్టాడు. కళ్లజోడు తీసి బల్లమీద పెట్టాడు.

"నూట డెబ్భై ఒకటి బై నూట ఆరు. ఇంత పెట్టుకుని తిరగడం మాటలు కాదు. మందు ఈరోజే మొదలుపెట్టాలి. అశ్రద్ధ చేస్తే పక్షవాతం దాకా పోవచ్చు."

భార్య చెయ్యి చాపింది. "తాళాలివ్వండి."

బామ్మర్ది మొహంలో నెత్తురు చుక్క లేదు. "అక్కా, ఇప్పుడు కాదే..."

షావుకారు తాళాలు ఆవిడ చేతిలో పెట్టి, బామ్మర్ది భుజం పట్టుకుని ముందుకు తోస్తూ అన్నాడు, "మందు వీడికి రాయండి డాక్టరుగారూ, వారమంతా నేను మిషన్ పట్టీ చుట్టింది వీడి చేతికే."