ఒక్క ముల్లే కదమ్మా!

"కూరగాయలు కోసే చెక్క ఏమైంది?"

వంటింట్లోంచి కేక వినగానే మనవాడి గుండె గుభేలుమంది. ఆ చెక్క ప్రస్తుతం తన గదిలో, రికార్డ్ ప్లేయర్ కింద ఉంది. కింద బరువైన చెక్క వేస్తే అదురు తగ్గి పాట తేటగా వినపడుతుందని ఎవరో వీడియో పెట్టారు. పెట్టినవాడి ఇంట్లో లెక్కల టీచరు ఉండి ఉండదు.

మనవాడి ఇంట్లో ఉంది. అప్పుడే గుమ్మంలోకి వచ్చి నిలబడింది కూడా.

"ఇదేంటి నాన్నా?"

"ఇవాళొక్క రోజే అమ్మా. రేపు కడిగిచ్చేస్తా."

"నీ వయసుకు ఈ పిచ్చేంటి చెప్పు? నీ తోటివాళ్ళంతా పొద్దున్నే లేచి గ్రౌండు చుట్టూ తిరుగుతున్నారు. నువ్వేమో తలుపేసుకుని స్క్రూలూ వైర్లూ ముందేసుకుని కూర్చుంటావు. పాలు తాగావా?"

తాగలేదు. గటగటా తాగేశాడు.

అసలు మొదట కొన్నది సూట్‌కేసులాంటి చవక ప్లేయరు. అందులో పాట వింటే డబ్బాలో గులకరాళ్ళు వేసి ఊపినట్టుండేది. "రికార్డు మీద నడిచే ముల్లు మార్చు, అదే దారికొస్తుంది" అన్నాడు సౌండు. సౌండంటే పై అంతస్తులో ఉండే స్నేహితుడు. గుసగుసలాడినా వీధి చివరికి వినపడుతుంది కాబట్టి ఆ పేరు. ఇద్దరిదీ ఒకే బెంచీ. టీచరు దృష్టిలో మాత్రం అది చెడు సావాసం.

"ఒక్క ముల్లే కదమ్మా" అని బతిమాలి, చేతిఖర్చు డబ్బులు దాచి ముల్లు కొన్నాడు. కొత్త ముల్లు వచ్చాక పెట్టెలోని స్పీకర్లు ఎంత నాసిరకమో తెలిసింది. వేరే స్పీకర్లు చూస్తే వాటిని మోగించడానికి ఆంప్లిఫయర్ కావాలన్నారు. గోచీని ఎలుకలు కొరుకుతున్నాయని పిల్లిని, పిల్లికి పాలు కావాలని ఆవును తెచ్చుకున్న సన్యాసి కథ మనవాడికి కంఠతా వచ్చు. వచ్చి ఏం లాభం? ఆ సన్యాసి వెనకాలే నడిచాడు.

కొన్నవన్నీ పాత సామాన్ల బజారులోనే. ఇద్దరికీ రాయితీ బస్సు పాసులున్నాయి కాబట్టి దారిఖర్చు కలిసొచ్చింది. స్పీకర్లను చెరొకటి చంకన పెట్టుకుని, మెట్టు మెట్టుకూ ఆగుతూ, టీచరు బడి నుంచి వచ్చేలోపల ఇంట్లోకి చేర్చారు. వాటి కింద పెట్టడానికి ఒక రబ్బరు చెప్పు బలైంది. రెండో చెప్పు ఇంకా జత కోసం ఎదురు చూస్తూనే ఉంది. ఆంప్లిఫయర్ గుయ్యిమంటోందని మనవాడే స్వయంగా విప్పి బాగుచేశాడు. కోతి పుండు బ్రహ్మరాక్షసి అయినట్టు, ఫ్యూజు ఎగిరిపోయి ఇంట్లో ఫ్రిజ్‌తో సహా అన్నీ ఆగిపోయాయి.

దాంతో తీర్పు వచ్చేసింది.

"ఆదివారం నేనే కూర్చుని వింటా. నా ఫోన్లో పాటకీ, నీ ఈ సామానుకీ తేడా తెలిస్తే ఉంచుకో. తెలియలేదా, మొత్తం అమ్మేస్తా. ఏడ్చినా వినను."

ఏడుపు నిజంగానే వచ్చింది. ఆవిడ బడికి వెళ్ళిపోతే ఇల్లు బోసిపోయేది. ఆ సెట్టు వచ్చాకే ఆ గదిలో పొద్దు గడుస్తోంది. అది కూడా పోతుందేమోనన్న దిగులుతో నాలుగు రోజులుగా ముద్ద దిగలేదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. అది సౌండుకి కూడా చెప్పలేదు. ముల్లు మార్చినా, స్పీకర్లు మార్చినా, మనవాడికి తేడా ఏమీ తెలియలేదు. వీడియోల్లో వాళ్ళు కళ్ళు మూసుకుని, ఎడమ పక్క వయొలిన్, కుడి పక్క తబలా అని వేలు పెట్టి చూపిస్తారు. మనవాడు కళ్ళు మూసుకుంటే నిద్ర పట్టేది. 'ఆహా' అనడం మాత్రం బాగా వంటబట్టింది. గాడిదకేం తెలుసు గంధపు వాసన అని తనను తానే తిట్టుకున్నాడు.

ఆదివారం వచ్చింది. టీచరు కుర్చీ లాక్కుని, పరీక్ష పేపర్లు దిద్దేటప్పటి మొహంతో కూర్చుంది. ముందు ఫోన్లో పాట విన్నది.

"ఊఁ, ఇక కానివ్వు."

మనవాడు ముల్లు దించాడు. అదే పాట మొదలైంది. మనవాడు పాట వినలేదు, ఆవిడ మొహమే చూశాడు. నొసలు ముడిపడింది. ఇక పెట్టే బేడా సర్దుకోవడమే అనుకున్నాడు.

పాట అయిపోయింది. ఆవిడ కుర్చీ ఇంకాస్త ముందుకు జరుపుకుంది.

"మళ్ళీ పెట్టు."

మళ్ళీ పెట్టాడు.

"చరణం ఎత్తుకునే ముందు ఆ పాడే మనిషి ఊపిరి తీసుకుంది నాన్నా! ఎన్నిసార్లు విన్నానో ఈ పాట, ఆ ఊపిరి ఎప్పుడూ వినలేదు. పక్కన కూర్చుని పాడినట్టుంది. నీకు వినపడిందా?"

"వినపడకేం!" అన్నాడు మనవాడు. ఏ ఊపిరో ఏమో, తనకు వినపడిందల్లా తన గుండె దడే. అయితేనేం, ఊపిరి గదిలోకి వచ్చింది, ఆవిడ విన్నది. సంతోషంతో కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"సరే, ఉంచుకో. కానీ పక్కింటివాళ్ళ గోడ అదరకూడదు. బజారుకు మీ ఇద్దరే పోకూడదు. ఇక కొత్తగా ఏదీ కొనకూడదు."

"అలాగేనమ్మా. ఒక్క వైరు మాత్రం..."

"నాన్నా!"

"సరే సరే, కోప్పడకు" అంటూ మనవాడు, ఆ నెలాఖరుకు ఉద్యోగం నుంచి రిటైరవుతున్న తన కూతురి బుగ్గ గిల్లాడు.