ఫైర్‌ప్లేస్ ముందు తెర

భయాన్ని జయించలేనప్పుడు దాన్ని కప్పిపెట్టడం ఓటమి అవుతుందా?

గరాజ్‌లో ఒక ప్లైవుడ్ ముక్క ముందు కూర్చుని రత్నరాజు తనను తానే అడిగాడు. ఓటమే అయితే అవనీ అనుకుని పెన్సిల్ అందుకున్నాడు.

అమెరికాలోని కమ్మింగ్ ఊళ్లో ఆ ఇల్లు కొన్నప్పటి నుంచి అతని భార్య దేవకుమారి ముందు గదిలో ఒక్కసారీ కూర్చోలేదు. ఆ గది గోడలో ఎవరూ వెలిగించని చలిమంట గూడు, ఫైర్‌ప్లేస్ ఉంది. చిన్నతనంలో కిరసనాయిలు స్టవ్ పేలి, కళ్లెదుటే తల్లిని పోగొట్టుకున్న మనిషి ఆమె. నిప్పు లేకపోయినా ఆ నల్లని నోరు చూస్తే చాలు, ఆమె కాళ్లు గుమ్మం దగ్గరే ఆగిపోయేవి.

గురువారం చర్చివాళ్లు ప్రార్థనకు వస్తున్నారు. పోయినసారి ఆమె వంటింట్లో నిలబడే ఆమెన్ చెప్పింది.

ఈసారి అందరి మధ్యా కూర్చోవాలి. కూర్చోబెట్టి తీరాలి.

"ఏం చేస్తున్నావు?"

రత్నరాజు తలెత్తాడు. రోజూ చేతికర్రతో వీధిలో నడిచే అమెరికన్ ముసలాయన.

"ఫైర్‌ప్లేస్‌కి తెర."

"షాపులో దొరుకుతాయి కదా?"

"అవి జల్లెడలా ఉంటాయి. వెనక నలుపు కనిపిస్తుంది. నా భార్యకు భయం."

ముసలాయన ప్లైవుడ్ వంక చూశాడు.

"దీన్ని చూస్తే ఆమెకు భయం పోతుంది. నీ మీద జాలి పుడుతుంది."

రత్నరాజుకు నవ్వు రాలేదు.

మర్నాడు ముసలాయన ఒక పాత పికప్ ట్రక్ తెచ్చి ఇంటి ముందు ఆపాడు. వెనక పొడవాటి వాల్‌నట్ చెక్క పలకలున్నాయి.

"దించుకో. వీటితో చెయ్యి."

"మీకు అక్కర్లేదా?"

"వేరే పనికి దాచాను. ఆ పనికి ఏ చెక్కయినా సరిపోతుంది."

గరాజ్ ఖాళీ చేసుకుంటున్నాడు కాబోలు, పాత సామాను వదిలించుకోవడానికి నేను దొరికాను అనుకున్నాడు రత్నరాజు. థాంక్స్ చెప్పాడు. పేరు అడగలేదు.

"పూర్తయ్యాక ఒకసారి చూడొచ్చా?"

"పిలుస్తాను."

పలకలు కోశాడు. చిత్రిక పట్టాడు. అరచేతులు బొబ్బలెక్కినా ఆపలేదు. మూడు రెక్కలను బందులతో కలిపి, నడిమి రెక్క మీద చేతనైనట్టు ఒక ద్రాక్షతీగ చెక్కాడు.

గురువారం దేవకుమారి గుమ్మంలో ఆగింది. తెరను చూసింది.

"మీరే చేశారా?"

"నేనే."

"తీగ వంకరపోయిందండీ," అంటూ లోపలికి వచ్చి, సరిగ్గా దాని ఎదుటే కూర్చుంది.

ప్రార్థన ముగిసేదాకా లేవలేదు.

ముసలాయన గుర్తుకు రాకపోలేదు. తెలుగు ప్రార్థనలో ఆయనకేం అర్థమవుతుంది, తర్వాత పిలుద్దాం అనుకున్నాడు రత్నరాజు.

తర్వాతి వారం వీధి చివరి ఇంటి ముందు కార్లు బారులు తీరాయి. సంగతేమిటో కనుక్కుందామని వెళ్లిన రత్నరాజు, తిరిగి వచ్చి తెర ముందు నిలబడిపోయాడు.

"ఏమైందండీ?"

"చెక్కలిచ్చినాయన పోయారు."

"అయ్యో. ఆయన పేరేంటి?"

"హెరాల్డ్ అట. ఇవాళే తెలిసింది."

దేవకుమారి అతని ముఖంలోకి చూసింది. "ఇంకేదో ఉంది. చెప్పండి."

"వాళ్లమ్మాయి ఈ చెక్కల కోసం ఇల్లంతా వెతుకుతోంది."

"మన దగ్గరున్నాయని చెప్పలేదా?"

"కోసేశాను, దేవీ. ఏమని చెప్పను? నోరు రాలేదు."

"అంతలా వెతకడం దేనికట?"

రత్నరాజు తెర మీది ద్రాక్షతీగను వేలితో తడిమాడు.

దేవకుమారి ముందుకు వచ్చి, రెండు చేతులతో తెర అంచు పట్టుకుని తానే పక్కకు జరిపింది. నల్లని నోరు బయటపడింది. ఆమె ముఖం తిప్పుకోలేదు.

"అటు పట్టుకోండి. ఎలా ఉన్నవి అలాగే ఇచ్చేద్దాం."

"మరి నువ్వు..."

"నా సంగతి నేను చూసుకుంటాను. పట్టుకోండి."

ఇద్దరూ తెరను మోసుకుంటూ వీధిలోకి వచ్చారు. ఆ ఇల్లు దగ్గరపడుతుండగా రత్నరాజు నోరు విప్పాడు.

"ఆయన తన శవపేటిక కోసం ఏళ్ల తరబడి ఆరబెట్టుకున్న చెక్కలివి, దేవీ."