మూత లేని చోట

"ఛీ, సార్! ఆ గందా నీళ్లలోకి ఎందుకు దిగారు?" పరీక్ష ముందుగా రాసేసి వరండాలోకి వచ్చిన హేమ కేకేసింది.

చైత్రంలోనే పడ్డ కుంభవృష్టికి జంషెడ్‌పూర్ కాలేజీ ఆవరణంతా మురుగైపోయింది. లెక్చరర్ హరిప్రసాద్ ముక్కుకి జేబురుమాలు అదుముకుని, మోకాళ్ల లోతులో తడుముకుంటూ నడుస్తున్నాడు. ఏదో మెత్తటిది పిక్కకి అంటుకుని వదల్లేదు.

"స్వీపర్ని దింపొచ్చు కదా! మీకేటి కర్మ సార్?"

"నీళ్లు బేగి పోతాయని ఆడిచేత మ్యాన్‌హోల్ మూత తీయించింది నేనే. గుర్తుకి కొమ్మ గుచ్చుదామన్నాడాడు. కంపు భరించలేక, తర్వాత చూద్దాంలే అని పైకెల్లిపోనాను."

ఇప్పుడా గొయ్యి ఎక్కడుందో తెలియడం లేదు. నల్లనీళ్లు అంతటా ఒకేలా ఉన్నాయి.

గంట మోగింది. పిల్లలు చెప్పులు చేత పట్టుకుని, ఒకళ్లనొకళ్లు తోసుకుంటూ మెట్లు దిగుతున్నారు.

అతని బొటనవేలికి ఇనప అంచు తగిలింది. అక్కడే కాళ్లు గట్టిగా ఊని నిలబడ్డాడు.

"ఇటు రాకండి! గోడమ్మట ఎల్లండి!"

ఆ గోలలో ఎవరికీ వినబడలేదు.

ముక్కు మీది జేబురుమాలు తీసి పైకెత్తి ఊపాడు. ఆ కంపునే గుండెల నిండా పీల్చుకుని, మళ్లీ అరిచాడు.