నూలువాసి తేడా

కార్ల షెడ్డు మేస్త్రికి చెయ్యి తప్పిందని ఎదురు షాపు దర్జీ అంటున్నాడట. దర్జీ పాలవాడితో అన్నాడు. పాలవాడు మేస్త్రి భార్యతో అన్నాడు. ఆవిడ మొగుడికి వడ్డిస్తూ చెప్పింది.

"ఒకే కారు మూడుసార్లు వెనక్కొచ్చిందట. ముప్పయ్యేళ్లలో ఎప్పుడైనా ఉందా అని అడుగుతున్నాడట."

"వాడు కుట్టిన జాకెట్లు ఎన్ని వెనక్కొస్తున్నాయో ముందు లెక్కపెట్టుకోమను" అన్నాడు మేస్త్రి. కానీ సగం అన్నంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు. దర్జీ అన్నదాంట్లో అబద్ధం లేదు మరి.

ఆ కారు లెక్కల మాస్టారిది. వాళ్ల నాన్నగారి కాలం నాటిది. ఇంజనులో వాల్వుల్ని తెరిచి మూసే క్యామ్‌షాఫ్ట్ అరిగిపోయి, ఎత్తు ఎక్కలేక ఆయాసపడేది. వీధి మలుపు తిరగకముందే దాని టకటకలు వీధి చివరిదాకా వినిపించేవి. మేస్త్రి కొత్త షాఫ్ట్ వేశాడు. రెండు పళ్లచక్రాల మీది చుక్కలూ ఎదురెదురుగా కలిపి గొలుసు ఎక్కించాడు. నిప్పురవ్వని సిలిండర్లకి వంతులవారీగా పంచే డిస్ట్రిబ్యూటర్‌ని నూలువాసి తేడా లేకుండా తిప్పి బిగించాడు. ఇంజను కడుపులో చల్ల కదలనట్టు తిరిగింది. బానెట్ మీద పెట్టిన టీ గ్లాసులో అల లేవలేదు.

మూడో రోజున కారు తిరిగొచ్చింది. సైలెన్సర్ నుంచి తుపాకీ పేలుతున్నట్టు చప్పుడు. చూస్తే డిస్ట్రిబ్యూటర్ కాస్త పక్కకి జరిగి ఉంది. రవ్వ ఆలస్యంగా పడుతోంది. సరిచేసి పంపాడు. వారానికి మళ్లీ వచ్చింది. ఆ తర్వాత మళ్లీ.

మూడోసారి బిగించాక మేస్త్రి సన్న కుంచెతో డిస్ట్రిబ్యూటర్ బోల్టు మీదుగా ఇంజను దాకా ఒక తెల్లరంగు గీత గీశాడు. షెడ్డులో టైర్ల కొట్టు పెట్టాలని చూస్తున్న అల్లుడితో ఒకే మాట చెప్పాడు.

"ఈ కారు ఇంకొక్కసారి నా చేతి తప్పుతో వెనక్కొస్తే, పానా కింద పెట్టేస్తాను. షెడ్డులో నువ్వు టైర్లే అమ్ముకుంటావో, ఇంకేం చేసుకుంటావో నీ ఇష్టం."

అల్లుడు మామగారి మాట మీద గౌరవంతో ఆ సాయంత్రమే టేపు తెచ్చి షెడ్డు కొలుచుకున్నాడు.

శుక్రవారం పొద్దున కారు పేలుకుంటూ వచ్చింది. దర్జీ మిషను ఆపి మరీ చూశాడు. మేస్త్రి బానెట్ ఎత్తాడు. తెల్లగీత రెండు ముక్కలై ఉంది. సగం ఇక్కడ, సగం అక్కడ.

"మాస్టారూ, ఇది దానంతటది తిరగలేదు. ఎవరో పానా పెట్టి తిప్పారు."

"మా ఇంట్లోనా?" అన్నాడు మాస్టారు. "నా పెన్ను మూత కూడా ఎవరూ ముట్టరు మా ఇంట్లో. నేను వెళ్లేసరికి పిల్లలు పుస్తకాల ముందుంటారు. కాఫీ గుమ్మంలోకే వస్తుంది. ఒక్కసారే గాడి తప్పారు, నువ్వు మొదట బాగుచేసిచ్చిన రోజు. వెళ్లి చూద్దును కదా, పిల్లలు మంచాల మీద గెంతుతున్నారు. మా ఆవిడ పక్కింటావిడతో కలిసి పగలబడి నవ్వుతోంది. మా అమ్మ నా కుర్చీలో కూర్చుని సినిమా చూస్తోంది. అందర్నీ వరసగా నిలబెట్టి రెండు గంటలు చెప్పాను. రెండ్రోజుల్లో మళ్లీ దారికొచ్చారు. కావాలంటే వచ్చి చూడు."

మేస్త్రి సామాను పెట్టె పట్టుకుని కారెక్కాడు. మలుపు దగ్గర సైలెన్సర్ రెండుసార్లు పేలింది.

ఇల్లు నిజంగానే బడిలా ఉంది. పిల్లలిద్దరూ పుస్తకాల ముందున్నారు. చిన్నవాడు ఎందుకో రొప్పుతున్నాడు. మాస్టారి భార్య గుమ్మంలో కాఫీతో నిలబడింది. తల్లి గోడవారగా పీట మీద కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. ఖాళీగా ఉన్న ఊగుడు కుర్చీ మాత్రం ఇంకా కాస్త ఊగుతోంది.

"చూశావుగా" అన్నాడు మాస్టారు.

మేస్త్రి వాకిట్లోనే పని మొదలుపెట్టాడు. పెద్దావిడ వచ్చి పక్కన నిలబడింది.

"చుక్కకి చుక్క కలిపావా నాయనా?"

"కలిపానమ్మా. మీకెలా తెలుసు?"

"మావాడి నాన్న ఈ కారు విప్పినప్పుడల్లా దీపం పట్టింది నేనే కదా."

ఆవిడ నడుముకి తాళంచెవుల గుత్తి ఉంది. గుత్తికి ఓ పాత పానా వేలాడుతోంది. ఆయన గుర్తు కాబోలు. పానా మూతికి తెల్లరంగు పెచ్చు ఒకటి అంటుకుని ఉంది.

మేస్త్రి దాన్ని చూశాడు. ఆవిడ మొహం చూశాడు. డిస్ట్రిబ్యూటర్ తిప్పి, బోల్టు బిగించాడు. ఇంజను పిల్లిలా సద్దుమణిగింది.

"ఇంతకీ తిప్పిందెవరో తేలలేదు" అన్నాడు మాస్టారు. "నా ఇంటి మీద నింద వేశావు. చెయ్యి తప్పిందని ఒప్పుకో. లేదా ఎవరో చూపించు."

గుమ్మంలో భార్య కాఫీ గ్లాసు కింద పెట్టింది. పిల్లలు పేజీ తిప్పలేదు. మేస్త్రి తన అరచేతులు ఓసారి చూసుకున్నాడు.

"తప్పిందేమో మాస్టారూ" అని పానాని పెట్టెలో పెట్టి మూత వేశాడు.

"ఆయన చేతికేం రోగం రాలేదు, తిప్పింది నేనేరా" అంది తల్లి. "చప్పుడు లేకుండా వచ్చేస్తే, నువ్వొస్తున్నావని ఇంట్లో మేమంతా ఎలా సర్దుకోవాలి?"