నోట్లో గుండుసూదులు

తలుపు అవతల నా కూతురు పకపకా నవ్వుతోంది. ఇవతల కుర్చీలో నేను కుతకుతా ఉడికిపోతున్నాను.

ఇంట్లోనూ బళ్లోనూ నోరు విప్పడం మానేసిందని నేనే దాన్ని ఇక్కడికి తీసుకొచ్చాను. వారానికోసారి ఆటలాడిస్తూ మాటలు రప్పిస్తారట. రప్పించారు, ఆడించే ఆవిడ దగ్గర గలగలా వాగుతోంది. ఇంటికొచ్చాక "ఏం ఆడావే?" అనడిగితే మాత్రం భుజాలెగరేస్తుంది. కన్నది నేను, కబుర్లు ఆవిడకి!

ఈ వారం ఆవిడే తలుపు తీసి పిలిచింది.

"లోపలికి రండమ్మా. ఆట మీకు చూపిస్తుందట."

ఆవిడ మెడలో టేపు వేసుకుని బొమ్మ కుట్టుమిషను ముందు కూర్చుంది. పెదాల మధ్య ఐస్‌క్రీం పుల్లలు పెట్టుకుంది. నా ఒళ్లు మండిపోయింది. బట్టలు కుట్టి బతికే నన్ను ఇద్దరూ కలిసి వెక్కిరిస్తున్నారా?

"అమ్మా, ఇవాళ బళ్లో ఏమైందో తెలుసా?" అంది నా కూతురు. నాతో కాదు, ఆవిడతో.

ఆవిడ తలెత్తకుండా "ఊఁ" అంది. అచ్చం నాలాగే. నోట్లో గుండుసూదులుంటే అంతకన్నా మాటెలా వస్తుంది?

"ఇప్పుడు తీసెయ్యాలి," అని నేర్పింది నా కూతురు.

ఆవిడ పుల్లలు తీసి, మిషను వదిలి, దానివైపు తిరిగింది.

"చెప్పు బంగారం, ఏమైంది?"

అప్పుడొచ్చింది ఆ నవ్వు. వారం వారం నేను బయట కూర్చుని విన్న నవ్వు.

నా కూతురు ఆ పుల్లలు తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఇవాళ అమ్మ వేషం నువ్వు వేస్తావా?"