పన్నెండు గుంటలు

“పన్నెండు గుంటలూ సిద్ధంగా ఉన్నాయండీ. ఇవాళే పూడ్చేస్తాం. పైన మట్టి కప్పి, కాసిని నీళ్ళు పోస్తే సరిపోతుంది.”

కిటికీ అవతల అరుగు మీద నిలబడి ఫోన్లో ఈ మాటలు అంటున్నవాడు మురళీమోహన్ సారు. కిటికీ ఇవతల రేకు పెట్టె మీద కూర్చుని, చెవులు రిక్కించి వింటున్నది సుభద్రమ్మ.

శ్రీముఖలింగం దగ్గర, వంశధార ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో గుంట అంటే పిల్ల, గుంటడంటే పిల్లాడు. మిగతా రాష్ట్రమంతా ఆ మాటను ఏ అర్థంలో వాడుకుంటుందో సుభద్రమ్మకు అనవసరం. సారు నడిపే దసరా సెలవుల ప్రకృతి శిబిరంలో గుంటలు సరిగ్గా పన్నెండుమంది. అందులో ఆవిడ మనవరాలు, ఆరేళ్ళ యమున ఒకతె.

పన్నెండుమంది పిల్లల్నీ పూడ్చేస్తాడనే ఆవిడకు అర్థమైంది.

మొదటినుంచీ ఆ శిబిరమంటే ఆవిడకు గిట్టదు. విజయవాడ నుంచి వచ్చానని చెప్పుకునే మనిషి ఊరి చివర జీడితోట ఒకటి పది రోజులకు మాట్లాడుకున్నాడు. పొద్దున్నే పిల్లల్ని వ్యానులో తీసుకుపోయి, చీమల బారులు చూపించి, ఆకులు నలిపి వాసన చూపించి, సాయంత్రం దింపుతాడు. “సీమల్ని సూడ్డానికి తోటకెల్లాలేటి? మనింట్లో పంచదార డబ్బా మూత తియ్యి, కావలసినన్ని!” అని ఆవిడ కొడుకుతో దెబ్బలాడింది. కొడుకూ కోడలూ శ్రీకాకుళంలో ఉద్యోగాలకు పోవాలి కనుక, వినిపించుకోకుండా పిల్లను చేర్పించేశారు.

నాన్నమ్మే కాసుకోవచ్చు కదా అంటే, ఆవిడకు కాయడానికి ఇంకొకటి ఉంది. ఇంటి బంగారమంతా ఆ రేకు పెట్టెలో, పాత చీరల అడుగున ఉంది. బ్యాంకు లాకరంటే ఆవిడకు నమ్మకం లేదు. భోజనం పెట్టె మీదే, కునుకు పెట్టె మీదే. ఎదురింటి పెళ్ళికి కూడా లేవలేదు, అక్షింతలు కిటికీలోంచే విసిరింది.

“భయం లేదండీ, ఈ ఊళ్ళో ఎవరూ అడగరు,” అని ఫోను పెట్టేసి, సారు యమునను వ్యాను ఎక్కించాడు. సుభద్రమ్మ కిటికీలోంచి కేకేసేసరికి వ్యాను మలుపు తిరిగిపోయింది.

ఆవిడ లేచింది. తలుపు వేసిందో లేదో ఆవిడకే తెలియదు.

“ఓలమ్మో! మన గుంటల్ని కప్పెట్టీస్తాడటర్రో! నా సెవుల్తో ఇన్నాను, లగెత్తండి!”

ఊరు ఊరంతా కదిలింది. పక్కింటి కూర్మయ్య గునపం పట్టుకున్నాడు, బుల్లమ్మ రోకలి అందుకుంది. దొరికినవాళ్ళు కర్రలు దొరకబుచ్చుకున్నారు. టిఫిన్ తింటున్నవాళ్ళు ఎంగిలి చేత్తోనే వచ్చేశారు. అరవై ఐదేళ్ళ సుభద్రమ్మ అందరికన్నా ముందు పరిగెత్తింది. ఎన్నేళ్ళుగానో కాసుకున్న పెట్టె ఆ క్షణంలో ఆవిడకు గుర్తే లేదు. యమున ఊడిన ముందుపన్ను మాత్రం కళ్ళ ముందు కదిలింది.

తోటలో వ్యాను లేదు, నీళ్ళ డ్రమ్ములు తేవడానికి డ్రైవరు తీసుకెళ్ళాడట. పన్నెండుమంది పిల్లలూ ఒళ్ళంతా మట్టి చేసుకుని, వరసగా తవ్విన పన్నెండు గోతుల పక్కన కూర్చుని జామకాయలు తింటున్నారు.

సుభద్రమ్మ మనవరాలిని వాటేసుకుని బావురుమంది. ఆ తర్వాత సారు చొక్కా పట్టుకుంది.

“గుంటల్ని పూడ్చీస్తానన్నావు కదరా, ఎదవా!”

“గుంటలంటే గోతులండీ! పిల్లకో మొక్క, మొక్కకో గుంట. మీరేమనుకున్నారు?”

కూర్మయ్య గునపం దించి పగలబడి నవ్వాడు. “మాకాడ గుంటలంటే పిల్లలు బాబూ!”

సారు నోరు తెరిచి, రెండు చేతులతో నెత్తి కొట్టుకున్నాడు. “పిల్లలా? అయ్యో రామా! నాకు నిజంగా తెలియదండీ. మా వైపు గుంటంటే గొయ్యే!”

యమున ఏదో అనబోయింది. “పెద్దవాళ్ళ మాటల్లో దూరకూడదమ్మా,” అని సారు ఆ పిల్ల చేతిలో ఇంకో జామకాయ పెట్టాడు.

వచ్చినవాళ్ళను ఊరికే పంపడానికి ఆయన ఒప్పుకోలేదు. అందరి చేతా మొక్కలు నాటించాడు, ఒక్కో మొక్కకు పేరు పెట్టించాడు, ఫోటోలు తీశాడు. కొట్టడానికి తెచ్చిన కర్రలు మొక్కలకు ఊతలయ్యాయి. పన్నెండుమంది పిల్లల కోసం వండించిన పులిహోర ఊరంతటికీ సరిపోయింది. సుభద్రమ్మ సిగ్గుతో చితికిపోయి, “ఏటనుకోకు బాబూ,” అని సారు చేతులు పట్టుకుంది. ఆయన వంగి ఆవిడ కాళ్ళకు దణ్ణం పెట్టాడు.

మధ్యాహ్నం రెండు దాటాక నాన్నమ్మా మనవరాలూ ఇల్లు చేరారు. తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. కిటికీ కింద పెట్టె ఉండాల్సిన చోట గచ్చు మీద నలుపలకల తెల్లమచ్చ ఒకటే మిగిలింది.

సుభద్రమ్మ ఆ మచ్చ మీదే కూలబడింది.

“ఊరు ఊరంతా తోటలోనే ఉన్నాది కదే! ఏ దొంగముండాకొడుకు వచ్చినాడో! ఆ పిచ్చి సారుకి గుంటంటే ఏటో తెలిసుంటే నాను లేసేదాన్నేటి?”

యమున చేతికంటిన మట్టి దులుపుకుంటూ నాన్నమ్మ వైపు వింతగా చూసింది.

“తెల్దేటి నాన్నమ్మా? రోజూ మేం వ్యాను దిగంగానే, ‘ఏటర్రా గుంటల్లారా, బువ్వలు తినీసొచ్చినారా?’ అని సారే కదా అడుగుతాడు!”